ఎవరిదీ కాని మడుగు

తుంగ పచ్చిగా ఉంటే మండదు. అందుకని వాళ్లు పెట్రోలు పోశారు.

పదకొండు మంది ఆడవాళ్లు నడుం లోతు నీళ్లలో నిలబడి చాపల కోసం కోసిన తుంగ అది. మోపులు నెత్తిన పెట్టుకుని కట్ట మీదుగా వస్తుంటే కాంట్రాక్టరు మనుషులు జీపు అడ్డం పెట్టారు. దించమన్నారు. దించారు. మోపులన్నీ వాళ్ల చేతే ఒకచోట కుప్ప వేయించి, పెట్రోలు పోసి, అగ్గిపుల్ల గీశారు. లావమ్మ అడ్డం వెళ్తే చెంప మీద కొట్టారు. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు.

నేను కట్ట కింద తుంగ నానబెడుతున్నాను. అంతా చూశాను. ఏమీ అనలేదు. నేను మాట తక్కువ మనిషిని. ఊళ్లో నన్ను మూగతాత అంటారు. మాట తక్కువ కావడం వేరు, ఆ రోజు నోరు పెగలకపోవడం వేరు. ఇక్కడ కూడిన మీరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, కాలేజీల్లో చదివేవాళ్లు. ఎలా నిలబడ్డారు తాతా అని అడిగారు. ముందు ఎలా నిలబడలేదో వినండి.

కాంట్రాక్టరు మనుషుల్లో పెద్దవాణ్ణి మేం నల్లద్దాలాయన అనేవాళ్లం. నీడలో కూడా అద్దాలు తీయడు. ఆయన ఒక కాగితం చూపించి, ఈ మడుగు ఇప్పుడు కంపెనీది, దీన్ని మట్టితో పూడ్చి గోదాములు కడతారు, ఇక ఇందులో తుంగ కోస్తే దొంగతనం అన్నాడు. మా కోడలు తడి చేతులు తుడుచుకుని ఆ కాగితం తీసుకుంది. మా వీధిలో గవర్నమెంటు కాగితం తడుముకోకుండా చదవగలిగేది ఆమె ఒక్కతే. మొదటి నుంచి చివరిదాకా చదివింది. చివర ఆగింది. కాగితం పట్టుకునే గట్టు దిగి నా దగ్గరికి వచ్చింది.

"మామయ్యా, దాని మీద ఉన్న సంతకం మీదేనా?"

నాదే.

అదెలా జరిగిందంటే, మా పనిలో ఒక పద్ధతి ఉంది. మడుగులో దిగినప్పుడు "నాది" అనే మాట నోట రాకూడదు. ఎక్కడైనా కోసుకోవచ్చు, కానీ జానెడు మొదలు వదలాలి, అది మళ్లీ చిగురించాలి. మోపు కట్టి నెత్తికెత్తుకున్నాకే అది నీ తుంగ. అప్పటిదాకా ఎవరిదని అడిగితే ఒకటే జవాబు. ఎవరిదీ కాదు. నాకు నడక వచ్చేనాటికే ఆ మాట వచ్చింది. చిన్నపిల్లలు పొరపాటున "ఇది మాది" అంటే పెద్దవాళ్లు నోటి మీద చిన్నగా తట్టేవాళ్లు. నాది నీది అన్నచోట కొడవలి తుంగ మీద ఆగదని మా నాన్న అనేవాడు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఒక సర్వేయరు వచ్చాడు. మర్యాదస్తుడు. నా పక్కనే గట్టు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. ఈ భూమి ఎవరిది పెద్దాయనా అని అడిగాడు. ఎవరిదీ కాదు అన్నాను. రాసుకున్నాడు. వేలిముద్ర వెయ్యమని సిరా డబ్బా తీశాడు. నాకు పౌరుషం వచ్చింది. నేను మూడేళ్లు బడికి వెళ్లినవాణ్ణి. వేలిముద్ర వెయ్యను, కలం ఇవ్వండి అన్నాను. నిదానంగా, చివరి అక్షరానికి తోక పెట్టి మరీ సంతకం చేశాను. బాగా రాశావు పెద్దాయనా అని మెచ్చుకున్నాడు. ఆ రోజంతా నేను సంతోషంగా ఉన్నాను.

ఆ రెండు మాటలే కాగితంలో ఇలా అయ్యాయి. "సదరు భూమిపై ఎవరికీ ఏ హక్కూ లేదని స్థానిక వృద్ధుడు వాంగ్మూలం ఇచ్చి సంతకం చేసినందున, దీనిని హక్కుదారులు లేని బంజరుగా నిర్ణయించడమైనది." కోడలు నాకు రెండుసార్లు చదివి వినిపించింది. నడుం లోతు నీళ్లున్న మడుగు బంజరట. మూడు వందల గడపలు దాని మీద బతుకుతుంటే హక్కుదారులు లేరట.

ఆ సాయంత్రం చాపలు ఆరబెట్టే పాకలో అందరూ కూడారు. నేను గుంజకి ఆనుకుని కూర్చున్నాను. పడవాయన నా వైపు చూడకుండానే మొదలుపెట్టాడు. అవతలి ఒడ్డు నుంచి మోపులు చేరవేసేది అతనే. ఎదిగిన కొడుకున్న మనిషి, కోపం మాత్రం ఇంకా పాతికేళ్ల దగ్గరే ఉంది. ఏడాదికి పది మాటలు మాట్లాడే మనిషి ఆ రెండు మాటలు సర్వేయరు కోసమే ఎందుకు దాచిపెట్టాడో అడగండి అన్నాడు. ఎంతకి అమ్ముకున్నాడో అడగండి అన్నాడు.

నాకు మరదలి వరసయ్యే లావమ్మ చెంప ఇంకా వాచే ఉంది. "మా బావకి అమ్ముకునే తెలివే ఉంటే ఇంటి కప్పుకి ఇంకా చిల్లులుండేవా? సంతకం చెయ్యడం వచ్చిందని మురిసి ముంచాడు గానీ, అమ్మి కాదు," అంది.

కొందరు నవ్వారు. నాకు ఆ నవ్వు పడవాయన మాటకంటే గట్టిగా తగిలింది.

ఒకాయన లేచి, కంపెనీతో మనం తూగలేం, గోదాముల్లో వాచ్‌మన్ పనులిస్తారంట, అడిగి తీసుకుందాం అన్నాడు. మూడు వందల ఇళ్లకి ఎంతమంది వాచ్‌మన్లు కావాలి, మనల్ని మనమే కాపలా కాసుకోవాలా అని లావమ్మ అడిగింది. ఇంకొకతను ఆ జీపు తగలబెడదామన్నాడు. చాలాసేపు అరుచుకున్నారు. మా కోడలు అందరినీ అరవనిచ్చింది. అలిసిపోయాక లేచింది.

"తప్పు మామయ్యది కాదు. ఆ రోజు సర్వేయరు మీలో ఎవర్ని అడిగినా అదే మాట చెప్పేవాళ్లు. అవునా కాదా?"

కొన్ని తలలు ఊగాయి.

"మన మాట వాళ్ల కాగితంలోకి ఎక్కేటప్పటికి తిరగబడింది. దాన్ని మళ్లీ తిప్పాలి. అందాకా ఒక్క లారీ మట్టి కూడా పడనివ్వకూడదు."

ఆమె పట్నం వెళ్లి ఒక వకీలును కలిసి వచ్చింది. విచారణ పెట్టించాలి, ఆ మాట అన్న మనిషే పెద్ద ఆఫీసరు ముందు నిలబడి తన మాటకి అర్థం ఇది కాదని చెప్పాలి అన్నాడట వకీలు. ఇంకెవరు చెప్పినా చెల్లదట. అంటే నేను. మా ఊళ్లో అందరికంటే తక్కువ మాట్లాడేవాడి నోట్లో ఇరుక్కుంది మా మడుగు.

విచారణకి నలభై రోజుల గడువు ఇచ్చారు. ఆ నలభై రోజులు ఆడవాళ్లు కట్ట మీద కూర్చున్నారు. మగ్గాలు అక్కడికే తెచ్చుకుని, లారీలు వచ్చే దారికి అడ్డంగా మేకులు దిగ్గొట్టి, పురితాళ్లు లాగి, అక్కడే చాపలు నేశారు. లారీ హారన్ కొట్టేది. వీళ్లు నేత బిగించే అచ్చు కొట్టేవాళ్లు. మా కోడలిది మధ్య మగ్గం.

అప్పటి నుంచి మా ఇంటి ఫోను మోగడం మొదలైంది. ఎత్తితే ఎవరూ మాట్లాడరు, ఊపిరి వినబడుతుంది. ఆమె సైకిలు బ్రేకు తీగ రెండుసార్లు తెగింది. తెగలేదు, తెంపారు. పాత తీగ కదా మామయ్యా అంది. మా అబ్బాయి పోయి ఆరేళ్లు. ఇంట్లో మేమిద్దరమే. ఒకరికి భయం వేస్తే రెండోవాళ్లకి చెప్పని అలవాటు అప్పటి నుంచీ ఉంది.

విచారణకి ఇంకా పధ్నాలుగు రోజులుందనగా నల్లద్దాలాయన మా ఇంటికి వచ్చాడు. కోడలు కట్ట మీద ఉంది. చెప్పులు బయట విడిచి, నేను నేస్తున్న చాప పక్కన కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. ఒక చాప కావాలి తాతా అన్నాడు.

మా దగ్గర కొలతలు మూడే. ఒంటి చాప, జంట చాప, వసారా చాప. అవి కూడా మూరల్లోనే చెబుతాం.

"ఐదడుగుల రెండంగుళాలు," అన్నాడాయన. "వెడల్పు చుట్టడానికి సరిపోతే చాలు."

అంగుళాల్లో కొలత చెప్పేవాడు మనిషిని కొలుచుకుని వచ్చినవాడే. ఆ మనిషెవరో నేను అడగలేదు. మా కోడలు కూర్చునే మగ్గం పీట నేనే చేశాను. ఆమె ఎంత పొడుగో నా చేతులకి తెలుసు.

చెప్పులు తొడుక్కుంటూ ఆయన అన్నాడు, "నువ్వు ఎలాగూ మాట్లాడవంట కదా తాతా. విచారణ రోజు కూడా అలాగే ఉండు. చాపతో పనే పడదు."

అంతే. అరవలేదు, తిట్టలేదు. నా నుంచి ఆయన కోరింది నాకు పుట్టుకతో వచ్చిందే.

ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది రోజులు. చెబితే ఆమె ఇంకా ముందుకి దూకుతుందని భయం. చెప్పకపోతే నేను ఆ ఆఫీసరు ముందు ఏం చెయ్యాలి? మడుగు పోతే ఇంకో ఊరు పోవచ్చు, కూలి చేసుకోవచ్చు. కోడలు పోతే? ఇలా లెక్క కుదరదని తెలిసీ రోజంతా అదే తిప్పేవాణ్ణి. ఆ చాప మొదలు కూడా పెట్టాను. వాళ్ల మనుషులు వాకిట్లోంచి చూసి పోతున్నారు. మగ్గం మీద చాప కనబడితే ఒప్పుకున్నాననుకుంటారు, ఆమె జోలికి రారు అనుకున్నాను. ముసలి బుద్ధి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పురి అయిపోయి ఆమె ఇంటికి వచ్చింది. మగ్గం మీద చెయ్యి వేసింది. కొలత అయ్యేచోట నేను కట్టిన గుర్తు ముడి ఎక్కడుందో చూసింది.

"ఇదేం కొలత మామయ్యా? ఒంటి చాపకి పొట్టి కదా."

నేను తల ఎత్తలేదు. ఆమె ఇంకోసారి అడగలేదు. నిలబడి ఆ ముడినీ, తన పొడుగునూ ఒకసారి చూసుకుంది. నేత తెలిసిన మనిషికి విడమరిచి చెప్పాలా? కాసేపటికి నేల మీద కూర్చుండిపోయింది. ఆమె అలా కూలబడడం నా కొడుకు పోయిన రోజు కూడా నేను చూడలేదు. అప్పుడు చెప్పాను అంతా.

"తొమ్మిది రోజులా," అంది. "నా చావు గురించి నాకు చెప్పకుండా మీరొక్కరే బేరమాడుతున్నారా?"

"నువ్వు బతకాలి అమ్మాయ్," అన్నాను. ఈ ఊరు వదిలేసి పోదామన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"వాళ్లకి భయం నేనంటే కాదు మామయ్యా. మీ నోరంటే. ఈ సంగతి మన ఇంట్లో ఉన్నంతసేపే వాళ్ల చేతిలో ఉంటుంది."

లేచి, మగ్గం మేకులు పీకి, సగం నేసిన చాపను భుజాన వేసుకుని వీధిలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

పాకలో అందరి ముందూ దాన్ని పరిచింది. ఇది నా కొలత, కాంట్రాక్టరు మనిషి ఆర్డరిచ్చాడు, మామయ్య విచారణలో నోరు తెరిస్తే నన్ను దీంట్లో చుడతారట అని చెప్పింది. వెనకవాళ్లకి వినబడేలా మళ్లీ చెప్పింది.

ముందుగా లేచింది పడవాయన. నేల చూస్తూ, మా ఇంటికి కూడా వచ్చాడు అన్నాడు. ఎప్పుడంటే పదిహేను రోజులయిందన్నాడు. పడవ అడుగున చిల్లి పడితే నీటి మధ్యలో తెలుస్తుంది, నీ కొడుక్కి ఈత వచ్చా అని అడిగాడట. అందుకే అప్పటి నుంచి కట్ట మీదికి రావడం లేదన్నాడు. నడుం నొప్పి అని అందరికీ చెప్పుకున్నాడు. తాత అమ్ముకున్నాడన్న ఈ నోటినే నేను మూసుకున్నాను అని కూర్చున్నాడు.

తర్వాత ఒకామె లేచింది. తర్వాత ఇంకొకరు. ఒకరి అల్లుడి ఉద్యోగం. ఒకరి ఇంటి వెనక గడ్డివామి. ఒకామెకు ఆస్పత్రిలో ఉన్న తమ్ముడి మంచం నంబరుతో సహా చెప్పి వెళ్లాడట. ఎవరికి వాళ్లు తమ ఒక్క ఇంటికే వచ్చాడనుకున్నారు. ఎవరికి వాళ్లు సిగ్గుపడి దాచుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆ పాకలో ఇరవై ఆరు ఇళ్ల భయం బయటపడింది.

లావమ్మ చాపని అటూ ఇటూ చూసింది. "నా కొలత మాత్రం ఎవడూ అడగలేదమ్మా," అంది. "మడుగులో అంత తుంగ లేదనుకున్నారు కాబోలు."

అప్పుడు నవ్వారు జనం. మా కోడలు కూడా నవ్వింది, ఏడుస్తూనే. భయం పోయిందని చెప్పను. పోలేదు. కానీ ఇరవై ఆరు ఇళ్లలో విడివిడిగా పడుకున్న భయం ఒకచోటికి వచ్చేసరికి దాని మొహం మాకు కనబడింది. అది ఒక్క మనిషి. నల్లద్దాలు, విడిచిన చెప్పులు, గ్లాసుడు మంచినీళ్లు. ఆ రోజు నుంచి మా కోడలు ఒంటరిగా నడవలేదు. ఆమెనే కాదు, ఎవర్నీ ఒంటరిగా నడవనివ్వలేదు.

విచారణ రోజు ఆఫీసు వరండా పట్టలేదు. మెట్ల మీద, గోడల మీద, కిటికీల దగ్గర మావాళ్లే. లోపల పెద్ద ఆఫీసరు, కంపెనీ వకీలు, వెనక కుర్చీలో నల్లద్దాలాయన. నన్ను పిలిచారు. నిలబడ్డాను.

ఈ మాట మీరన్నారా, ఈ సంతకం మీదేనా అని ఆఫీసరు అడిగాడు. అవును నేనే అన్నాను, సంతకం నాదే అని చెప్పాను. కంపెనీ వకీలు కాగితాలు సర్దుకున్నాడు, పనైపోయినట్టు.

"అయ్యా, ఈ ఆఫీసు ఎవరిది?" అన్నాను.

ఆఫీసరు నవ్వాడు. "ప్రభుత్వానిది. అంటే, అందరిదీ అనుకోండి."

"మీది కాదు కదా."

"నాదెలా అవుతుంది?"

"మరి ఆ బల్ల ఎత్తుకుపోవచ్చా నేను?"

ఆయన నవ్వు ఆగింది.

"మేం ఎవరిదీ కాదంటే, ఎవరూ ఎత్తుకుపోకూడదని. ఎవరైనా ఎత్తుకుపొమ్మని కాదు. మా తాత ముత్తాతల నుంచీ ఆ మాటకి అదే అర్థం. మీరు తిరగేసి రాసుకున్నారు. నాకు చదివి వినిపించకుండా సంతకం పెట్టించుకున్నారు. నేనూ అడగలేదు. అది నా తప్పు. నా తప్పుకి మూడు వందల ఇళ్లు కూలగొట్టకండి."

నా జన్మలో అంత పొడుగు మాట అదే. ఎవరో నేర్పించి పంపారని వకీలు లేచాడు. నేర్పించలేదు గానీ, మాట్లాడొద్దని చెప్పినవాళ్లున్నారని నేను వెనక కుర్చీ వైపు వేలు చూపించాను. చాప సంగతి చెప్పాను. అది విచారణ పరిధిలోకి రాదు అన్నాడు ఆఫీసరు. అయితే నాది రాసుకోండి అని కిటికీలోంచి పడవాయన గొంతు వినబడింది. నాది కూడా అని మెట్ల మీద నుంచి ఇంకో గొంతు. ఒకరి తర్వాత ఒకరు ఇరవై ఆరు ఇళ్ల వాళ్లూ చెప్పారు. గుమాస్తా కలం పైకెత్తి ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు కిందికి చూశాడు. గుమాస్తా రాయడం మొదలుపెట్టాడు. నల్లద్దాలాయన అప్పుడు మొదటిసారి అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పాత వాంగ్మూలం పక్కన పెట్టారు, తీర్పు వాయిదా వేశారు. గెలిచామని మావాళ్లు అరుస్తుండగానే గేటు దగ్గర పోలీసులు మా కోడలిని పట్టుకున్నారు. లారీ డ్రైవరు మీద కొడవలితో దాడి చేసిందట. ఆ కేసు అంతకు ముందురోజే రాసి పెట్టుకున్నారు. ఆమెతో పాటు ఆడవాళ్లు వ్యానెక్కేశారు. దింపితే మళ్లీ ఎక్కారు. మెల్లగా నడుపు నాయనా, అందరం కొత్తవాళ్లం అని లావమ్మ డ్రైవరుతో అంటుంటే విన్నాను. పట్టనివాళ్లం వెనకాల స్టేషన్ దాకా నడిచాం. చీకటి పడేలోగా అందర్నీ వదిలారు. ఆమెను వదల్లేదు.

నాలుగు నెలలయింది. తీర్పు ఇంకా రాలేదు. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. జైల్లో ఇనుప జాలీ అవతల చిక్కిపోయి కనబడింది. ఎలా ఉన్నావని అడగబోతే అడ్డం వచ్చింది. "మడుగు ఎండిందా మామయ్యా? మొదళ్లు జానెడు వదులుతున్నారా?" వదులుతున్నారని చెప్పాను. మట్టి లారీలు మూడుసార్లు వచ్చాయి. మూడుసార్లూ మగ్గాల మీద నుంచి ఎవరూ లేవలేదు. తిరిగి వెళ్లాయి. ఆమె మధ్య మగ్గం మీద ఇప్పుడు నేను నేస్తున్నాను.

పోయిన వారం అవతలి ఒడ్డున ఉన్న కొండ కింది ఊరి నుంచి కబురు వచ్చింది. వాళ్లది రాళ్లు కొట్టే పని, మేకలు మేపే పని. వాళ్ల కొండకి కూడా ఇలాంటి కాగితమే వచ్చింది. వాళ్లలో ముందుండి అడ్డం పడుతున్నది ఒక మేకలామె, నా ఈడుది. నల్లద్దాలాయన పొద్దున ఆమె ఇంటికి వచ్చి నీళ్లు తాగి, ఏదో చెప్పి, జవాబు కోసం నాలుగింటికి మళ్లీ వస్తానని వెళ్లాడట. ఆమె తొమ్మిది రోజులు ఆగలేదు. తొమ్మిది నిమిషాలు కూడా ఆగలేదు. వీధి మధ్యలో నిలబడి ఆ మాట ఉన్నదున్నట్టు అరిచి చెప్పింది. రాళ్లు కొట్టేవాళ్లు సుత్తులు దించి వచ్చారు. మాకు ఫోను వస్తే పడవాయన పడవ తీశాడు.

నాలుగింటికి ఆయన వచ్చాడు. వాకిట్లో, అరుగు మీద, గోడ వారన మొత్తం డెబ్బై మందిమి కూర్చుని ఉన్నాం. మాతో వచ్చిన మీలాంటి కాలేజీ పిల్లలు నలుగురు నోటు పుస్తకాలు తెరిచి పెట్టుకున్నారు. చెప్పులు విడవబోయినవాడు ఆగిపోయాడు. ఎవరో జరిగి ఆయనకి చోటిచ్చారు. మేకలామె గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"తాగు బాబూ," అంది. "తాగి, పొద్దున నాతో అన్న మాట మళ్లీ ఒకసారి అను. వీళ్లంతా వినలేదు."